పారిష్ కౌన్సిళ్లకు బరువు సరే, డబ్బేది?

ఇంగ్లండ్‌లో జిల్లా కౌన్సిళ్ల రద్దు దగ్గరపడే కొద్దీ పల్లెల్లోని పారిష్ కౌన్సిళ్ల పేరు, అంటే మన పంచాయతీల్లాంటి ఊరి స్థాయి ఎన్నికైన సభల పేరు, మళ్లీ వినిపిస్తోంది. ప్రభుత్వం 2024 డిసెంబరులో ఇచ్చిన శ్వేతపత్రం ప్రకారం కౌంటీ, జిల్లా అనే రెండు అంచెలు పోతాయి. వాటి స్థానంలో సుమారు 5 లక్షల జనాభాకు ఒక పెద్ద కౌన్సిల్ వస్తుంది. సర్రే కౌంటీలో ఈ మార్పు 2027 ఏప్రిల్‌కే. మరి ఊరి పార్కు, మరుగుదొడ్లు ఎవరు చూడాలి? ఊరే చూసుకోవాలన్న ధోరణి కనిపిస్తోంది. తగవంతా ఖర్చు గురించే.

పారిష్ పాత చరిత్ర చర్చి చుట్టూ పుట్టినదే. అసలు ముడి పడింది 1894లో. అంతకుముందు ఊరి పెత్తనం భూస్వామిది, మతగురువుది. పారిష్ వ్యవహారాలు చూసే వెస్ట్రీ అనే చర్చి సభలో ఆస్తిని బట్టి ఒక్కొక్కరికి ఆరు ఓట్ల దాకా ఉండేవి. ప్రధాని గ్లాడ్‌స్టన్ ప్రభుత్వంలో మంత్రి హెన్రీ ఫౌలర్ నడిపించిన బిల్లు ఆ లెక్క చెరిపేసింది. 300 లేదా అంతకు మించి జనాభా ఉన్న ప్రతి గ్రామీణ పారిష్‌కూ ఎన్నికైన కౌన్సిల్, మనిషికి ఒకే ఓటు. పెళ్లయిన స్త్రీలు కూడా పోటీ చేయవచ్చు. కూలీలు కూరగాయలు పండించుకోవడానికి నేలను బలవంతంగానైనా కౌలుకు తీసుకునే వీలు కల్పించారు. పార్లమెంటు ఎగువ సభ అయిన ప్రభువుల సభ ఊరుకుంటుందా? బిల్లును కోసి పంపింది. 1894 మార్చి 1న దిగువ సభ కామన్స్‌లో గ్లాడ్‌స్టన్ చేసిన చివరి ప్రసంగం ఈ సవరణల మీదే. నిరసన తెలుపుతూనే ఆయన వాటిని అంగీకరించాడు.

చట్టంలో డబ్బు సంగతి మాత్రం పిసినారితనమే. ఊరి సభ ఒప్పుకోకపోతే ఆస్తి విలువలో పౌండుకు 3 పెన్నీలు, ఒప్పుకున్నా 6 పెన్నీలకు మించి వసూలు చేయరాదు. పై నుంచి గ్రాంటు లేదు. ఆ పరిమితి తర్వాత పోయింది కానీ పద్ధతి మారలేదు. మన గ్రామ పంచాయతీలకు ఆర్థిక సంఘం నిధులైనా ఉన్నాయి. అక్కడ పారిష్ ఖర్చులో సింహభాగం ఇళ్ల మీద వేసే కౌన్సిల్ పన్నుకు కలిపి వసూలు చేసే వాటా నుంచే.

1974లో గ్రామీణ జిల్లాలు పెద్ద జిల్లాల్లో కలిసిపోయినప్పుడు ఊరికి దగ్గరగా మిగిలింది పారిషే. ఇప్పుడు ఆ జిల్లాలూ పోతున్నాయి.

పెద్ద కౌన్సిళ్లతో పొదుపు, స్పష్టత వస్తాయని ప్రభుత్వం చెబుతోంది. సోమర్సెట్ కౌంటీ అనుభవం వేరు. 2023 ఏప్రిల్‌లో అక్కడ ఒకే కౌన్సిల్ ఏర్పడింది. నవంబరుకే ఆర్థిక అత్యవసర పరిస్థితి ప్రకటించి, మరుగుదొడ్ల వంటి పనులను పట్టణ, పారిష్ కౌన్సిళ్లు తీసుకోవాలని కోరింది. అవి తమ పన్ను వాటా పెంచాయి. పై కౌన్సిళ్లు హద్దు దాటి పన్ను పెంచాలంటే ప్రజాభిప్రాయ సేకరణ తప్పదు. పారిష్‌లకు ఆ నిబంధన ఇంతవరకు వర్తింపజేయలేదు. పైవాళ్ల భారం కిందికి దిగడానికి ఇంతకంటే సులువైన దారి ఏముంది?

ఇంగ్లండ్‌లో ఇలాంటి కౌన్సిళ్లు సుమారు 10 వేలు. చాలా చిన్న ఊళ్లలో ఉన్న సిబ్బంది పార్ట్‌టైమ్ గుమాస్తా ఒక్కరే. పార్కు బదలాయింపు పత్రాలు ముందుగా చేరేది ఆ బల్ల మీదికే.