ఫ్లాగు మారినప్పుడు ఏ ఫైళ్లను మళ్లీ కంపైల్ చేయాలి: ఒక పాత చిక్కు పూర్వాపరాలు

హైదరాబాద్‌లో మాదాపూర్, గచ్చిబౌలి ఆఫీసుల్లో లినక్స్ కెర్నల్ (ఆపరేటింగ్ సిస్టమ్ కేంద్రభాగం) మీదా డ్రైవర్ల మీదా పనిచేసే జట్లలో కొత్తగా చేరినవారికి, ఫ్లాగు (సోర్స్‌ను యంత్రభాషలోకి మార్చే కంపైలర్‌కు ఆదేశంలో ఇచ్చే సూచన) మార్చితే 'మేక్ క్లీన్' చేసి, అంటే ఇంతకుముందు తయారైన ఫైళ్లను తొలగించి, మొత్తం మళ్లీ బిల్డ్ చేయమనే సలహా ఇప్పటికీ వినిపిస్తుంది. ఆ జాగ్రత్తకు మూలం దాదాపు యాభై ఏళ్ల నాటిది.

అమెరికా పరిశోధన సంస్థ బెల్ ల్యాబ్స్‌లో స్టీవ్ జాన్సన్, దోషం సరిదిద్దిన ఫైలు మళ్లీ కంపైల్ కాలేదన్న సంగతి తెలియక, సరిగ్గానే ఉన్న ప్రోగ్రామ్‌లో తప్పు వెతుకుతూ ఒక ఉదయమంతా పోగొట్టుకున్నారు. ఆయన సహోద్యోగి స్టువర్ట్ ఫెల్డ్‌మన్ 1976లో మేక్‌ను, అంటే మారిన ఫైళ్లనే మళ్లీ కంపైల్ చేయించే పనిముట్టును, రాయడానికి అదే ప్రేరణ. అందుకే మేక్ చూసేది ఒక్కటే: సోర్స్ ఫైలు టైమ్‌స్టాంప్ (చివరిసారి మారిన సమయం) ఆబ్జెక్ట్ ఫైలు (కంపైల్ చేస్తే వచ్చేది) కన్నా కొత్తదా, కాదా. ఫ్లాగు ఫైలు కాదు కనుక దానికి టైమ్‌స్టాంప్ లేదు, అది మారినా మేక్‌కు తెలియదు. పోనీ ఆబ్జెక్టులన్నీ, ఆదేశాలూ ఫ్లాగులూ రాసి ఉంచే మేక్‌ఫైల్ మీదే ఆధారపడేలా రాస్తే, అందులో ఒక వ్యాఖ్య మార్చినా అన్నీ మళ్లీ కంపైల్ అవుతాయి.

దీన్ని కేవలం సమయం వృథా అయ్యే సమస్యగా చూడడం సరికాదు. ఒక స్ట్రక్చర్ (కొన్ని డేటా అంశాల కూర్పు)లోని సభ్యుడు డీబగ్ ఫ్లాగు ఉన్నప్పుడే చేరుతుందనుకుందాం. ఫ్లాగు మార్చాక కొన్ని ఫైళ్లే మళ్లీ కంపైల్ అయితే, ఒకే స్ట్రక్చర్‌కు రెండు పరిమాణాలు ఉన్న ఆబ్జెక్టులు ఒకే ప్రోగ్రామ్‌లో కలుస్తాయి. సీ భాషలో, ఆబ్జెక్టులను ఒక ప్రోగ్రామ్‌గా కలిపే లింకర్ దీనికి అభ్యంతరం చెప్పదు. ప్రోగ్రామ్ ఎక్కడో సంబంధం లేని చోట కూలుతుంది, సోర్స్ ఎంత చదివినా కారణం దొరకదు.

పరిష్కారాలన్నీ ఫ్లాగును ఏదో ఒక రూపంలో నమోదు చేసి పోల్చేవే. వెర్షన్ నియంత్రణ వ్యవస్థ క్లియర్‌కేస్‌తో వచ్చిన క్లియర్‌మేక్ వాడిన ఆదేశాన్నే దాచి ఉంచేది. 2012లో ఇవాన్ మార్టిన్ విడుదల చేసిన నింజా అనే బిల్డ్ పనిముట్టు ప్రతి ఆదేశం హ్యాష్‌ను (దాని నుంచి లెక్కగట్టిన చిన్న గుర్తును) తన లాగ్‌లో రాసుకుంటుంది. మామూలు మేక్‌ఫైల్‌లోనైతే ఫ్లాగులను ఒక చిన్న ఫైలులో రాసి, విలువ నిజంగా మారినప్పుడే దాన్ని తిరగరాస్తే చాలు.

వీటన్నిటికన్నా లోతుగా వెళ్లింది కెర్నల్ పద్ధతి అని నా అభిప్రాయం. అక్కడి కాన్ఫిగరేషన్ ఐచ్ఛికాలన్నీ ఒకే హెడర్‌లో ఉంటాయి, దాన్ని దాదాపు ప్రతి ఫైలూ కలుపుకుంటుంది. కనుక ఒక్క ఐచ్ఛికం మారినా మొత్తం కెర్నల్ మళ్లీ కంపైల్ కావలసి వచ్చేది. ఫిక్స్‌డెప్ అనే చిన్న ప్రోగ్రామ్ ఆ హెడర్ మీది ఆధారాన్ని తొలగించి, ప్రతి సోర్స్ ఫైలులోనూ అది కలుపుకున్న హెడర్లలోనూ 'కాన్ఫిగ్_' అని మొదలయ్యే పేర్లను వెతికి, ఒక్కో పేరుకూ ఉన్న ఖాళీ ఫైలును ఆధారంగా చేరుస్తుంది. మారిన ఐచ్ఛికం ఫైలు టైమ్‌స్టాంప్ మాత్రమే మారుతుంది కనుక, దాన్ని ప్రస్తావించిన ఫైళ్లే మళ్లీ కంపైల్ అవుతాయి. వ్యాఖ్యలో ఆ పేరు కనిపించినా లెక్కలోకి వస్తుంది, అయితే అది అదనపు పనే గాని తప్పుడు ఫలితం కాదు. ఆదేశంలోని ఫ్లాగులను పోల్చడానికి ప్రతి ఆబ్జెక్టు పక్కనే వేరే ఫైలులో ఆదేశం నిలవ ఉంటుంది.

కంపైలర్ వెర్షన్‌ను కూడా కెర్నల్ ఇప్పుడు ఒక ఐచ్ఛికంగానే నమోదు చేస్తుంది. అందువల్ల జీసీసీ కంపైలర్‌ను అప్‌గ్రేడ్ చేసిన మర్నాడు సోర్స్‌లో ఒక్క అక్షరమూ మారకపోయినా బిల్డ్ మొదటి నుంచీ నడుస్తుంది, అలా నడవడమే సరైనది.