గుండు కొట్టిస్తే కుక్కకు చల్లన కాదు

ఎండలు ముదిరాయంటే సిరొంచ, బల్లార్షా వైపైనా, బరంపురం, పర్లాకిమిడి వైపైనా బొచ్చు కుక్కకు గుండు కొట్టిద్దామన్న ఆలోచన వస్తుంది. పామేరియన్, జర్మన్ షెపర్డ్, హస్కీలకు అది కీడే. వీటి బొచ్చు రెండు పొరలు: పైన గరుకు వెంట్రుకలు, కింద దూదిలాంటి నూగు. పై పొర ఎండను చర్మం దాకా రానివ్వదు. గొరిగితే నూగు ముందు మొలుస్తుంది, పై వెంట్రుకలు వెనకబడతాయి. ఒక్కోసారి నెలల తరబడి రావు కూడా. షిట్జూ, పూడిల్ సంగతి వేరు. వాటి జుట్టు పెరుగుతూనే ఉంటుంది, అంగుళం ఉంచి కత్తిరించుకోవచ్చు.

తీయాల్సింది రాలిపోయి లోపలే చిక్కుకున్న నూగును. పైపైన దువ్వితే వీపు మెరుస్తుంది, లోపల చాప అల్లినట్టు అలాగే ఉంటుంది. వెనక కాలి కింది నుంచి మొదలుపెట్టండి. ఒక చేత్తో బొచ్చు పైకెత్తి పట్టి, చర్మం కనిపించేలా పాయ తీసి, పొడుగు పళ్ల దువ్వెనతో పాయ తర్వాత పాయ కిందికి దువ్వుతూ పైకి రండి. వారానికి మూడుసార్లు, నూగు బాగా రాలేటప్పుడు రోజూ. ఒకేచోట గట్టిగా గీకితే చర్మం కందుతుంది. చెవుల వెనక, చంకల్లో, తొడల మధ్య జడలు కడతాయి. చిటికెడు మొక్కజొన్న పిండి (కార్న్‌ఫ్లోర్) చల్లి, కొసల నుంచి వేళ్లతో విడదీయాలి. కత్తెర వద్దు, జడతో పాటు చర్మమూ లేచి వస్తుంది, తెగుతుంది.

దువ్వాకే స్నానం. తడిస్తే జడ ఇంకా బిగుస్తుంది. నూగు తడి ఆరకపోతే కింద చర్మం చెమ్మగిల్లి పుండవుతుంది. బరంపురం ఉక్కపోతలో ఇది మరీ ఎక్కువ.

కుక్కకు చెమట పాదాల్లోనే, అదీ కొద్దిగా. ఎక్కువగా చల్లబడేది రొప్పి, నాలుక తడి ఆవిరైతేనే. చంద్రపూర్ పొడి ఎండలో కూలర్ బాగా పనిచేస్తుంది. సముద్రపు తేమ ఉన్నచోట అదే కూలర్ మూసిన గదిలో తేమను పెంచుతుంది. అక్కడ ఏసీయో, పొట్ట తడిపి ఫ్యానో నయం.

కుక్క ఒంటి మామూలు వేడి 38 నుంచి 39.2 డిగ్రీల సెల్సియస్. ఆగకుండా రొప్పుతూ, చొంగ కారుస్తూ, తూలుతుంటే వడదెబ్బే. నీడకు చేర్చి ఒళ్లంతా నీళ్లు పోసి గాలి విసరండి. తడి తువాలు కప్పి వదిలేయకండి, లోపలి వేడి బయటికి పోదు. 39.5కి దిగగానే ఆపి పశువుల డాక్టరు దగ్గరికి తీసుకెళ్లండి. అన్నట్టు, మధ్యాహ్నం మిద్దెమీది ట్యాంకు నీళ్లు కాగి ఉంటాయి. ఇంట్లో ఓ బిందె నింపి ఉంచుకోండి.