కళలో ఆధ్యాత్మికత: కొన్ని అపోహలు, కొన్ని వాస్తవాలు

మ్యూజియంకి వచ్చేవాళ్లతో చిత్రాల ముందు కూర్చుని, వాళ్లకు ఏం కనిపిస్తోందో అడిగి తెలుసుకోవడం నా వృత్తి. "మాకివన్నీ అర్థం కావండీ" అనే మాట తరచూ వింటుంటాను. అలా అనిపించడానికి కారణం చాలాసార్లు ఈ అపోహలే.

అపోహ: ఆధ్యాత్మిక అనుభూతి కలగాలంటే అది దేవుడి బొమ్మే అయ్యుండాలి.

వాస్తవం: అమెరికాలోని హ్యూస్టన్‌లో 1971లో తెరిచిన రాత్కో చాపెల్ అనే ప్రార్థనా మందిరంలో, చిత్రకారుడు మార్క్ రాత్కో వేసిన 14 చిత్రాలున్నాయి. ఒక్కదాంట్లో కూడా మనిషి గానీ దేవుడు గానీ లేరు. ఉన్నవి నలుపు, ముదురు ఊదా లాంటి చిక్కటి రంగులే. అయినా అన్ని మతాలవాళ్లూ, ఏ మతమూ లేనివాళ్లూ వచ్చి అక్కడ మౌనంగా కూర్చుంటారు.

అపోహ: మనసుకు హాయినిచ్చేదే ఆధ్యాత్మిక కళ.

వాస్తవం: నాకు ఎక్కువ బాధ కలిగించే అపోహ ఇదే. 1512-1516 మధ్య గ్రూనెవాల్డ్ అనే చిత్రకారుడు ఇసెన్‌హైమ్ మఠం కోసం శిలువ మీది క్రీస్తును వేశాడు. ఒళ్లంతా పుండ్లు, పచ్చబారిన చర్మం, నొప్పికి కొంకర్లు తిరిగిపోయిన వేళ్లు. ఇంత ఘోరంగా ఎందుకు వేశాడు? ఆ మఠం వాళ్లు ఎర్గటిజం రోగులకు సేవ చేసేవారు. రై అనే, గోధుమ లాంటి ధాన్యపు గింజలకు పట్టే శిలీంధ్రం వల్ల వచ్చే జబ్బది. ఒళ్లు మండిపోయేది, కాళ్లూ చేతులూ కుళ్లిపోయేవి. ఆ రోగులు తలెత్తి చూస్తే, తమ బాధే ఆ శిలువ మీద కనిపించేది. ఇప్పుడా చిత్రం ఫ్రాన్స్‌లోని కోల్మార్‌లో ఉంది. దాని ఫోటో చూపించినప్పుడు, మంచాన పడ్డ మనిషిని చాలాకాలం కనిపెట్టుకుని ఉన్నవాళ్లు ముఖం గురించి మాట్లాడరు, ఆ వేళ్ల గురించే మాట్లాడతారు.

అపోహ: ముందు చరిత్ర చదువుకుని వెళ్లాలి.

వాస్తవం: చదవండి, కానీ చూశాక. ముందే బోర్డు చదివితే, అందులో రాసింది వెతుక్కోవడంతోనే సరిపోతుంది. న్యూయార్క్ మెట్రోపాలిటన్ మ్యూజియంలో చేసి, 2001లో ప్రచురించిన అధ్యయనం ప్రకారం సందర్శకులు ఒక్కో చిత్రాన్ని చూసింది సగటున 27 సెకన్లు. నేను పది నిమిషాలు చూడమంటాను. మొదట్లో విసుగొస్తుంది. ఆ తర్వాతే చూపు మూలలకు, నీడలకు, చేతులకు వెళ్తుంది.

అపోహ: ఎవరికి ఏది తోస్తే అదే అర్థం.

వాస్తవం: ఇది సగమే నిజం. బైబిల్ కథలో తప్పిపోయి తిరిగొచ్చిన కొడుకును తండ్రి దగ్గరకు తీసుకునే దృశ్యాన్ని డచ్ చిత్రకారుడు రెంబ్రాంట్ తన చివరి రోజుల్లో వేశాడు. కొడుకు వీపు మీదున్న తండ్రి చేతులు రెండూ ఒకేలా ఉండవు. ఒకటి వెడల్పుగా, బలంగా ఉంటుంది. రెండోది సన్నగా, మెత్తగా ఉంటుంది. అందులో అమ్మ చేయి కనిపించిందని కొందరంటారు. దానికి చిత్రంలో ఆధారముంది. అదే ఎవరైనా "ఆ తండ్రి కోపంగా ఉన్నాడు" అంటే, ఎక్కడ కనిపించిందో చూపించమంటాను. వెతగ్గా వెతగ్గా, ఆ కోపం చిత్రంలోది కాదని, తమ ఇంటిదని కొన్నిసార్లు వాళ్లకే తడుతుంది. అలా తెలియడం చాలా విలువైన విషయం. కాకపోతే దాన్ని రెంబ్రాంట్‌కి అంటగట్టకూడదు.

ఇక, కన్నీళ్లు రాలేదనో, ఏమీ అనిపించలేదనో టెన్షన్ పడేవాళ్లుంటారు. అందులో మీ లోపమేమీ లేదు. ఎంత గొప్ప పేరున్న చిత్రమైనా సరే, వదిలేసి పక్క గదిలోకి వెళ్లండి. ఎక్కడ కాళ్లు వాటంతటవే ఆగుతాయో అక్కడ కూర్చుని, ఆ పది నిమిషాలూ దానికివ్వండి.