గోయా వేదిక మీద రాజకీయం ఎందుకు ఆగదు?

ఏటా స్పెయిన్ సినిమా అవార్డులైన గోయాల రాత్రి ముగిసిందంటే చాలు, ఆ దేశంలో పాత గొడవ మళ్లీ రాజుకుంటుంది. సినిమావాళ్లు అవార్డు పుచ్చుకుని ఇంటికి పోక రాజకీయాలు మాట్లాడటమేమిటని ఒక వర్గం నిలదీస్తుంది. మాట్లాడితే తప్పేమిటని ఇంకో వర్గం ఎదురు అడుగుతుంది. ఈ అవార్డులు ఎలా పుట్టాయో తెలిస్తే తప్ప ఈ గొడవ అర్థం కాదు.

1975లో నియంత ఫ్రాంకో చనిపోయేదాకా అక్కడి సినిమా సర్కారు గుప్పిట్లో ఉండేది. షూటింగ్ మొదలుకాకముందే స్క్రిప్టు సెన్సారు చేతికి వెళ్లేది. పరాయి దేశాల సినిమాలు స్పానిష్‌లోకి డబ్ చేస్తేనే ఆడాలని 1941లో ఉత్తర్వు వచ్చింది. 1943 నుంచి ప్రతి హాల్లోనూ ఆటకు ముందు నో-దో అనే ప్రభుత్వ వార్తాచిత్రం వేయాల్సిందే. చివరికి ఏటా సినిమా బహుమతులు పంచింది కూడా ప్రభుత్వం నడిపే వినోదరంగ సంఘమే.

1977లో సెన్సారు రద్దయింది. అయినా భయం పోలేదు. దర్శకురాలు పిలార్ మీరో 1979లో 'కువెంకా నేరం' తీశారు. చేయని హత్యను ఒప్పుకోమని ఇద్దరు పల్లెటూరి మనుషులను సైనిక తరహా పోలీసులైన సివిల్ గార్డులు చిత్రహింసలు పెట్టిన నిజ ఘటన అది. సినిమాను ఆపేశారు, ఆమెను సైనిక న్యాయవిచారణకు లాగారు. 1981లో గానీ అది తెర మీదికి రాలేదు. మరుసటి ఏడాది సోషలిస్టులు గెలిచి అదే పిలార్ మీరోను సినిమా శాఖ అధిపతిగా కూర్చోబెట్టారు. స్క్రిప్టు చూసి, సినిమా తీయకముందే ప్రభుత్వం కొంత సొమ్ము ఇచ్చే పద్ధతిని 1983లో ఆమె తెచ్చారు. మంచి సినిమాలెన్నో దాని వల్లే వచ్చాయి. 'సర్కారు సొమ్ము తింటున్నారు' అనే నింద కూడా అప్పటి నుంచే మొదలైంది.

1985 నవంబరు 12న నిర్మాత ఆల్ఫ్రెడో మతాస్ మాడ్రిడ్‌లోని ఓ పాసో రెస్టారెంటుకు సినీరంగం వాళ్లను పిలిచారు. దర్శకులు లూయిస్ గార్సియా బెర్లాంగా, కార్లోస్ సౌరా వచ్చారు. నటులు, సాంకేతిక నిపుణులు కూడా కూర్చున్నారు. ఆ భేటీ నుంచే సినిమా అకాడమీ పుట్టింది. మన జాతీయ అవార్డులు కేంద్రం ఇస్తుంది, నందులు రాష్ట్ర ప్రభుత్వం ఇచ్చేది. అక్కడ మాత్రం ఓటు వేసేది అకాడమీ సభ్యులైన సినిమావాళ్లే. నా దృష్టిలో అసలు సంగతి ఇదే. ఆ వేదిక ప్రభుత్వం కట్టి ఇచ్చింది కాదు, కాబట్టి అక్కడ నిలబడి ప్రభుత్వాన్ని తప్పుపట్టడానికి ఎవరి అనుమతీ అక్కర్లేదు.

చిత్రకారుడు గోయా పేరును సూచించింది కళాదర్శకుడు రమీరో గోమెస్. 1987 మార్చి 17న మాడ్రిడ్‌లోని లోపె దె వేగా థియేటర్లో తొలి వేడుక రాజదంపతుల సమక్షంలో జరిగింది. ఊరూరా తిరిగే నాటకాల వాళ్ల బతుకు మీద ఫెర్నాండో ఫెర్నాన్ గోమెస్ తీసిన చిత్రం ఉత్తమ చిత్రమైంది. ఆయన మాత్రం వేడుకకు రాలేదు.

1998 జనవరి 30న సెవిల్‌లో ఒక నగర కౌన్సిలర్నీ ఆయన భార్యనూ, బాస్క్ ప్రాంతాన్ని స్పెయిన్ నుంచి విడదీయాలనే ఎటా ముఠా ఉగ్రవాదులు నడివీధిలో కాల్చి చంపారు. మర్నాడే గోయా వేడుక. అకాడమీ అధ్యక్షుడు హోసె లూయిస్ బొరావు అరచేతులకు తెల్లరంగు పూసుకుని వేదికెక్కి రెండు చేతులూ పైకెత్తారు. ఎటా హత్యలకు నిరసనగా జనం వీధుల్లో చూపుతున్న గుర్తే అది. ఆ రాత్రి ఇది సినిమా వేదిక, రాజకీయం వద్దని ఎవరూ అనలేదు.

2003లో కథ మారింది. ఇరాక్ యుద్ధానికి కన్సర్వేటివ్ ప్రధాని అస్నార్ మద్దతు పలుకుతున్న రోజులవి. 'యుద్ధం వద్దు' అనే స్టిక్కర్లు పెట్టుకుని ఒకరి తర్వాత ఒకరు వేదికెక్కారు. ప్రభుత్వ టీవీలో అంతా ప్రత్యక్ష ప్రసారమైంది. పని పోయిన ఓడల నిర్మాణ కార్మికుల కథలో నటించిన హవియెర్ బార్దెమ్ ఉత్తమ నటుడయ్యారు. పాలకపక్షం మండిపడింది. రెండు వారాలకే స్పెయిన్ నగరాల్లో లక్షలాది జనం అదే నినాదంతో రోడ్డెక్కారు. సినిమావాళ్లు ఎప్పుడూ ఒక పార్టీకే కొమ్ము కాస్తారనే మాట ఆనాటి నుంచి వాళ్లను వదల్లేదు.

కానీ 2011లో ఇరకాటంలో పడింది సోషలిస్టు ప్రభుత్వమే. పైరసీ సైట్లను మూయించే చట్టం తెచ్చిన సాంస్కృతిక మంత్రి ఆంహెలెస్ గొన్సాలెస్ సిందె, అకాడమీ తొలి అధ్యక్షుడి కూతురు. ఆమే స్వయంగా ఆ పదవి చేశారు. ఆ చట్టం తీరు నచ్చక అధ్యక్ష పదవికి రాజీనామా ప్రకటించిన ఆలెక్స్ దె లా ఇగ్లేసియా, ఆమె ఎదుటే ఇంటర్నెట్టే సినిమాను కాపాడుతుందని ప్రసంగించారు. బయట నిరసనకారులు మంత్రికి వ్యతిరేకంగా కేకలు వేస్తున్నారు. అదే రాత్రి కాటలాన్ భాషా చిత్రం 'పా నెగ్రె' ఉత్తమ చిత్రమైంది, ఆ భాషకు అదే మొదటిసారి. ఫ్రాంకో నొక్కిపెట్టిన భాష అది. గోయాలు స్పానిష్ మాటలకే పరిమితమన్న అపోహను 2018లో పది అవార్డులు గెలిచిన బాస్క్ భాషా చిత్రం 'హాందియా' కూడా పోగొట్టింది.

2024లో వయ్యదోలిద్ నగరంలో జరిగిన వేడుకకు ముందు అక్కడి ప్రాంతీయ ప్రభుత్వ ఉపాధ్యక్షుడు మళ్లీ సబ్సిడీల మాట ఎత్తి సినిమావాళ్లను ఎద్దేవా చేశారు. తమకిచ్చిన దానికంటే ఎక్కువే పన్నుల రూపంలో తిరిగి కడుతున్నామని పెడ్రో అల్మొదోవార్ వేదిక మీదే జవాబిచ్చారు. నలభై ఏళ్లయినా ఆ నింద పాతబడలేదు.

2025లో గ్రనాడాలో తొలిసారిగా రెండు చిత్రాలకు సమానంగా ఓట్లు పడి, రెండూ ఉత్తమ చిత్రాలయ్యాయి. ఒకటి ఎటాలోకి రహస్యంగా చొరబడిన పోలీసు యువతి కథ. రెండోది 1978లో బార్సిలోనా కొండ మీది పేటకు బస్సు రాదన్న అధికారుల మాటను ధిక్కరించి, తన 47వ నంబరు బస్సును తానే పైకి నడిపించుకెళ్లిన డ్రైవరు కథ.