చచ్చినవాడి కళ్ళు చారెడేనా? పెద్దకర్మ చుట్టూ అపోహలు - వాస్తవాలు

మొన్న మాఘంలో మా పెదనాన్న పెద్దకర్మకి వెళ్ళాను. నేను కౌన్సెలింగ్ సైకాలజిస్టుని. అయినవాళ్ళని పోగొట్టుకున్నవాళ్ళతో మాట్లాడడమే నా పని. అయినా షామియానా కింద ప్లాస్టిక్ కుర్చీలో కూర్చున్నాక చదివిందేదీ పనికిరాలేదు. ఫ్లెక్సీ మీద పెదనాన్న నవ్వుతున్నారు. ఫొటో స్టూడియో కుర్రాడు పెదవులు కాస్త సాగదీశాడేమో అనిపించింది. ఎందుకంటే ఆయన స్కూటర్ చప్పుడు వినబడితే మేం రేడియో కట్టేసి పుస్తకాలు తెరిచేవాళ్ళం.

అంతలో ఆయనతో బస్సు డిపోలో పనిచేసిన పెద్దాయన మైకు అందుకుని, "మీ పెదనాన్న మిమిక్రీ మొదలెడితే డ్యూటీ దిగినోళ్ళు కూడా ఇళ్ళకి కదిలేవాళ్ళు కాదమ్మా" అన్నారు. ఆ మాట పట్టుకునే ఇదంతా రాస్తున్నాను.

అపోహ: పోయినవాళ్ళ గురించి మంచే చెప్పాలి.

వాస్తవం: మైకులో అయితే చెప్పండి. వచ్చిన నలుగురి ముందు అది మర్యాద. "చచ్చినవాడి కళ్ళు చారెడు" అని ఎత్తిపొడిచిన మనవాళ్ళకి ఈ సంగతి ఎప్పుడో తెలుసు. చిక్కు ఎక్కడంటే, ఆ మర్యాద ఇంట్లోకి వచ్చి హుకుం అయిపోతుంది. తాగి కొట్టిన తండ్రి పోయాక, "ఎంత కాదన్నా నాన్నే కదా" అని అందరూ నోరు మూయిస్తే, ఆ కూతురు బాధ ఎక్కడికీ పోదు. అలాంటివాళ్ళు నా గదిలో మొదట అడిగేది, "నాకు ఏడుపు రాలేదు, నేను మంచిదాన్ని కాదా మేడం?" అని. ప్రేమా, కోపమూ, ఇక భయం లేదన్న తేలికా ఒకే మనిషి మీద ఒకేసారి ఉంటాయి. ఒకదాన్ని చూపించి ఇంకోదాన్ని కొట్టేయలేం.

అపోహ: వాళ్ళలోని మంచి తెలిస్తే మనసు కుదుటపడుతుంది.

వాస్తవం: ఒక్కోసారి మండుతుంది. మిమిక్రీ సంగతి విన్నప్పుడు నాకు వచ్చింది కోపం. అంత నవ్వు డిపోలో పంచిపెట్టి మా ముందు ముడుచుకుని కూర్చున్నారేం? ఉన్న పెదనాన్న కోసమే కాదు, మాకు దక్కని పెదనాన్న కోసం కూడా ఆ పూట ఏడ్చాను. ఇలాంటి కబురు ఎవరికైనా చెప్పేటప్పుడు, "చూశావా, నువ్వు ఆయన్ని అపార్థం చేసుకున్నావు" అని తగిలించకండి. విన్నది చెప్పి ఊరుకోండి.

అపోహ: నాకు గుర్తున్నదే అసలు మనిషి.

వాస్తవం: జ్ఞాపకం బీరువాలో దాచిన పట్టుచీర కాదు, తీసిన ప్రతిసారీ కొంత కొత్తగా నేస్తాం. కేంబ్రిడ్జ్‌లో ఫ్రెడరిక్ బార్ట్‌లెట్ అనే మనస్తత్వవేత్త కొందరికి ఒక అమెరికన్ ఆదివాసుల కథ ఇచ్చి, తర్వాత గుర్తున్నంత మేర చెప్పమన్నారు. 1932లో ప్రచురించిన ఫలితాల్లో, అర్థంకాని ముక్కలు రాలిపోయాయి, కానూలనే సన్నటి దోనెలు మామూలు పడవలైపోయాయి. తమకు అలవాటైన లోకంలోకి కథను లాక్కున్నారన్నమాట. కర్మ భోజనాల దగ్గర జరిగేదీ అదే. అన్నదమ్ములు ఒకే తండ్రి గురించి వాదులాడుకుంటారు. పెద్దాడికి దొరికింది అప్పుల్లో ఉన్న నాన్న, చిన్నాడికి దొరికింది పెన్షన్ తీసుకుంటున్న నాన్న.

అపోహ: పెద్దకర్మతో దుఃఖం ముగించుకోవాలి.

వాస్తవం: దీనికి ఇంగ్లీషు చదువు తోడైంది. "దుఃఖంలో ఐదు దశలు దాటాలట కదా" అంటారు. మనోవైద్యురాలు ఎలిసబెత్ కూబ్లర్-రాస్ 1969లో ఆ దశలు చెప్పింది మరణానికి దగ్గరైన రోగులతో మాట్లాడి. మిగిలిపోయినవాళ్ళు మెట్లెక్కినట్టు ఎక్కాలని దాని అర్థం కాదు. పోయినవాళ్ళతో బంధం తెంచుకోవడం కాదు, అది కొత్త రూపంలో సాగడమే సహజమని క్లాస్, సిల్వర్‌మన్, నిక్‌మన్ అనే ముగ్గురు పరిశోధకులు 1996లో వాదించారు. మన సపిండీకరణంలో ప్రేతపిండాన్ని మూడు తరాల పితరుల పిండాలతో కలుపుతారు. ఆ తర్వాత ఆయన ప్రేత కాదు, పితృదేవత. ఏటా తద్దినానికి పిలుస్తాం. నాకు మంత్రాల మీద పెద్ద పట్టు లేదు గానీ, బంధం మారుతుంది తప్ప తెగదన్న సంగతి ఆ తంతులో ఉంది. కర్మకాండ వద్దని సంస్మరణ సభ పెట్టేవాళ్ళకీ ఆ అవసరం తప్పలేదు.

అలాగని ఎంతకాలమైనా ఫరవాలేదని కాదు. తీవ్రమైన వేదన తగ్గకుండా ఆరు నెలలు దాటి, రోజువారీ బతుకు కుంటుపడితే ప్రపంచ ఆరోగ్య సంస్థ వర్గీకరణ దాన్ని చికిత్స అవసరమైన స్థితిగా చూస్తుంది. అమెరికన్ సైకియాట్రిస్టుల 2022 నాటి మాన్యువల్ పెద్దవాళ్ళకి ఏడాది గడువు పెట్టింది. చచ్చిపోవాలన్న ఆలోచన వస్తుంటే మాత్రం ఏ గడువూ చూడొద్దు. ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలీ మానస్ 14416కి ఫోన్ చేయండి, తెలుగులోనే మాట్లాడతారు.

అపోహ: పెదనాన్నకే ఇంత ఏడుపా?

వాస్తవం: చుట్టరికాన్ని బట్టి కన్నీళ్ళ కోటా ఉండదు. లోకం గుర్తించని ఇలాంటి దుఃఖానికి దుఃఖం మీద పరిశోధించిన కెన్నెత్ డోకా 1989లోనే ఒక పేరు పెట్టారు. షామియానా చివర నిలబడి, భోజనం చేయకుండా వెళ్ళిపోయే మనిషి ప్రతి కర్మలోనూ ఒకరుంటారు. పలకరించండి. డల్లాస్‌లో వీసా గొడవల్లో ఇరుక్కుని వీడియో కాల్‌లో తంతు చూసే కొడుకుదీ అలాంటి పరిస్థితే.

పిల్లల్ని తీసుకెళ్ళకూడదన్నది కూడా అపోహే. రానంటే బలవంతం వద్దు. "తాతయ్య నిద్రపోయాడు" అని మాత్రం చెప్పకండి, రాత్రి పడుకోవడానికి భయపడతారు.

జనం పల్చబడ్డాక పెద్దమ్మని అడిగాను, ఈ మిమిక్రీ సంగతి నీకు తెలుసా అని.

"తెలీకేం? పెళ్ళైన కొత్తలో ఇంట్లోనూ చేసేవారు. ఓసారి మీ తాతగారి గొంతే పట్టారు. ఆయన గుమ్మంలో నిలబడి విన్నారు. నా ముందే చెంప మీద ఒక్కటిచ్చారు. అంతే, మళ్ళీ ఈ ఇంట్లో చెయ్యలేదు" అంది, మిగిలిన గారెలు డబ్బాలో సర్దుతూ.

నాకు గుర్తున్న తాతయ్య రోజూ సాయంత్రం పంచె కొసన జీళ్ళు కట్టుకొచ్చేవాడు.