బిడ్డ ఎందుకు చనిపోయింది? ఆ గడి నింపడానికి డెబ్భై ఏళ్ల చరిత్ర

ఒక కేసు తీసుకుందాం. తల్లికి ఎనిమిదో నెల. బీపీ బాగా ఎక్కువగా ఉంది. కడుపులో బిడ్డ నెలలకు తగ్గట్టు ఎదగలేదు. కదలికలు తెలియడం లేదని ఆస్పత్రికి వస్తే, స్కానింగ్‌లో గుండె చప్పుడు లేదు. నొప్పులు రప్పించి పురుడు పోశారు. ఇక రిజిస్టర్‌లో మరణ కారణం రాయాలి.

1950ల్లో స్కాట్లాండ్‌లోని అబర్డీన్ డాక్టర్లు తల్లి బీపీ అని రాసేవారు. 1980ల్లో లండన్‌లోనైతే 'అవయవ లోపాలు లేని బిడ్డ, కడుపులోనే చనిపోయింది' అనే గుంపులో వేసేవారు. 2005 తర్వాత బర్మింగ్‌హామ్‌లో 'ఎదుగుదల లోపం' అనేవారు. ఇందులో ఏదీ అబద్ధం కాదు. కానీ మొదటిది రాస్తే గర్భిణుల బీపీ జాగ్రత్తగా చూడాలన్న ఆలోచన వస్తుంది. మూడోది రాస్తే బిడ్డ ఎదుగుదలను నెలనెలా కొలవాలన్న ఆలోచన వస్తుంది. రెండోది రాస్తే ఏం చేయాలో ఎవరికీ తెలియదు. వర్గీకరణ గురించి ఇన్నేళ్లు ఇంత వాదన నడవడానికి కారణం ఇదే.

అబర్డీన్ పద్ధతి వెనుక ఉన్నది డుగల్డ్ బేర్డ్ అనే ప్రసూతి వైద్యుడు. అప్పటిదాకా శవపరీక్షలో కనిపించిందే కారణంగా చెలామణీ అయ్యేది: ఆక్సిజన్ అందలేదు, మెదడులో రక్తస్రావం జరిగింది, ఇలా. ఆక్సిజన్ ఎందుకు అందలేదన్నది అందులో ఉండదు. ఆ గొలుసు తల్లి దగ్గర ఎక్కడ మొదలైందో అక్కడికి వెళ్లాలని బేర్డ్, ఆయన సహచరులు 1954లో ప్రతిపాదించారు. బీపీ, మాయ నుంచి రక్తస్రావం, కాన్పులో గాయం, తల్లికున్న ఇతర జబ్బులు వంటి విభాగాలు చేశారు.

1980లో జొనాథన్ విగిల్స్‌వర్త్ దీన్ని ఇంకా తేలిక చేశారు. శవపరీక్ష సౌకర్యం లేని చోట కూడా పనికొచ్చేలా ఐదే గుంపులు పెట్టారు: నొప్పులకు ముందే కడుపులో చనిపోయిన బిడ్డలు, అవయవ లోపాలు, నెలలు నిండకపోవడం, కాన్పు సమయంలో ఊపిరాడకపోవడం, మిగతా ప్రత్యేక కారణాలు. ఏ గుంపులో మరణాలు పెరిగాయో చూస్తే వైద్యం ఎక్కడ తప్పుతోందో తెలుస్తుంది. మంచి ఆలోచనే, ప్రపంచమంతా వాడింది. కానీ మొదటి గుంపు సంచిలా తయారైంది. కారణం తెలియని బిడ్డలందరూ అందులోకే చేరారు.

ఆ సంచి విప్పి చూసినవారు బర్మింగ్‌హామ్‌లోని జేసన్ గార్డోసి బృందం. వెస్ట్ మిడ్‌లాండ్స్ ప్రాంతంలో 1997 నుంచి 2003 దాకా నమోదైన 2,625 మృత జననాలను, అంటే చనిపోయి పుట్టిన బిడ్డల కేసులను తీసుకున్నారు. పాత పద్ధతిలో అందులో 66 శాతం 'కారణం తెలియనివి'. అవే కేసులను తమ పద్ధతిలో వర్గీకరిస్తే ఆ వాటా 15 శాతానికి పడిపోయింది. ఎక్కువగా బయటపడింది ఎదుగుదల లోపం, మొత్తంలో 43 శాతం. కొత్త పరీక్షలేమీ చేయలేదు. అడిగిన ప్రశ్న మారింది, అంతే. నా దృష్టిలో ఈ మొత్తం చరిత్రలో తల్లిదండ్రులకు అత్యంత ముఖ్యమైన విషయం ఇదే. 'కారణం తెలియదు' అని వాళ్లకు చెప్పినప్పుడు, చాలాసార్లు అర్థం 'మేం చూడలేదు' అని.

ఆ తర్వాత ఎవరి పద్ధతి వాళ్లు పెట్టుకున్నారు. 2009-2014 మధ్య వాడుకలో ఉన్నవో కొత్తగా వచ్చినవో 81 పద్ధతులున్నాయని ఒక సమీక్ష తేల్చింది. ఇన్ని కొలబద్దలుంటే ఒక దేశాన్ని ఇంకో దేశంతో ఎలా పోలుస్తాం? 2016లో ప్రపంచ ఆరోగ్య సంస్థ ఐసీడీ-పీఎం అనే ఉమ్మడి పద్ధతి తెచ్చింది. మరణం నొప్పులకు ముందా, నొప్పుల్లోనా, పుట్టాకా అన్నది ముందు తేల్చాలి. తర్వాత బిడ్డ వైపు కారణం. దాని పక్కనే తల్లి పరిస్థితి తప్పకుండా రాయాలి. మొదట చెప్పిన కేసులో ఎదుగుదల లోపం, బీపీ రెండూ ఎక్కుతాయి.

మన దేశంలో కారణానికి స్పష్టమైన పేరు పెడితే ఏమవుతుందో నవజాత ధనుర్వాతం చూపించింది. 1988లో ప్రపంచంలో దాదాపు 7,87,000 మంది పసికందులు దానివల్ల చనిపోయారని అంచనా. కారణం తెలిసింది కాబట్టి గర్భిణికి టీటీ ఇంజెక్షన్, బొడ్డు కోయడానికి శుభ్రమైన బ్లేడు అనే జవాబులు దొరికాయి. దీన్ని నిర్మూలించినట్టు మన దేశంలో ముందుగా ధ్రువీకరణ పొందింది ఉమ్మడి ఆంధ్రప్రదేశ్, 2003లో. దేశం మొత్తానికి 2015లో వచ్చింది.

తెలంగాణ సరిహద్దుకు ఆనుకుని మహారాష్ట్రలో ఉన్న గడ్చిరోలిలో డాక్టర్ దంపతులు అభయ్ బంగ్, రాణి బంగ్ 1990ల్లో ఊళ్లలో పుట్టిన బిడ్డలను ఇళ్ల దగ్గరే గమనించి రాశారు. మరణాల్లో ఇన్ఫెక్షన్లదే పెద్ద వాటా. అంతకన్నా విలువైన సంగతి, ఎక్కువమంది బిడ్డలు ఒక్క సమస్యతో పోలేదు. తక్కువ బరువు, దాని మీద ఇన్ఫెక్షన్, దాని మీద ఒళ్లు చల్లబడటం. ఒకే గడి ఉన్న ఫారంలో ఇదంతా పట్టదు. దగ్గర్లో ఆస్పత్రి లేని ఆ ఊళ్లలో ఆరోగ్య కార్యకర్తలకు శిక్షణ ఇచ్చి ఇంటి దగ్గరే వైద్యం అందిస్తే నవజాత మరణాలు 62 శాతం తగ్గాయి.

మృత జననాల విషయంలో మాత్రం మనం వెనకబడ్డాం. ఆస్పత్రి మరణాలకు కారణం రాసే నాలుగో నంబర్ ఫారం తలమీదే 'మృత జననాలకు వాడరాదు' అని అచ్చు వేశారు. పైగా పుట్టి ఊపిరి తీసుకోని బిడ్డను చాలాచోట్ల చనిపోయి పుట్టినట్టే రాసేస్తారు. మన దేశం సహా ఆరు దేశాల్లో కాన్పు చేసేవారికి నవజాత సంరక్షణలో శిక్షణ ఇచ్చి చూశారు. మృత జననాలు వెయ్యికి 23 నుంచి 16కు తగ్గాయని 2010లో ఫలితాలు వచ్చాయి. అంటే అందులో కొందరు బతికున్న బిడ్డలే, ఊపిరి అందించేవాళ్లు లేకపోయారు.

ఇంకో చిక్కు చర్మం ఊడటం. బిడ్డ చర్మం ఊడివస్తుంటే నొప్పులకు ముందే చనిపోయిందని, లేకపోతే కాన్పులో చనిపోయిందని రాస్తారు. కానీ పీహెచ్‌సీ నుంచి ఏరియా ఆస్పత్రికి, అక్కడి నుంచి జిల్లా ఆస్పత్రికి పంపేసరికి గంటలు గడిచిపోతాయి. నొప్పుల్లో చనిపోయిన బిడ్డకూ అప్పటికి చర్మం ఊడటం మొదలవ్వొచ్చు. ఆ మరణం ఆలస్యం ఖాతాలో పడాల్సింది, తల్లి ఖాతాలో పడుతుంది.

పూర్తి శవపరీక్షకు మన కుటుంబాలు చాలావరకు ఒప్పుకోవు. కోత లేకుండా సూదితో ఊపిరితిత్తులు, కాలేయం, మెదడు నుంచి చిన్న ముక్కలు తీసి పరీక్షించే పద్ధతిని కర్ణాటకలోని దావణగెరెలో వాడి చూశారు. అది జిల్లా ఆస్పత్రులకు రావడానికి టైం పట్టొచ్చు. ఈలోగా బిడ్డను తూకం వేసి రాయడానికి, మాయను పరీక్షకు పంపడానికి, గుండె చప్పుడు చివరిసారి ఎన్ని గంటలకు విన్నారో కేస్ షీట్‌లో వేయడానికి కొత్త మెషీన్ ఏదీ అక్కర్లేదు. ఐసీడీ-పీఎం అడిగే మొదటి ప్రశ్నకు జవాబు ఆ గంటలోనే ఉంది.