పొట్టేలు, మేకపోతు, పేరు లేని పాదాలు

ప్రియమైన పిల్లలకు,

ప్రభువు నామంలో మీ అందరికీ తాతయ్య ఆశీస్సులు.

బైబిల్లో దానియేలు గ్రంథం రెండో అధ్యాయం చదివాక మీరంతా నన్ను అడిగింది ఒకటే. బబులోను రాజు నెబుకద్నెజరు కలలోని ప్రతిమకు బంగారు తల, వెండి రొమ్ము, ఇత్తడి పొట్ట, ఇనుప కాళ్లు సరే, ఇనుమూ మట్టీ కలిసిన ఆ పాదాలు ఇప్పటి ఏ దేశం? ఫోన్లో ఒక్కో వీడియో ఒక్కో దేశం పేరు చెబుతోందని కూడా అన్నారు. దానికి జవాబు చెప్పే ముందు మిమ్మల్ని ఎనిమిదో అధ్యాయానికి తీసుకెళ్లాలి. ప్రవచనం ఎలా చదవాలో బైబిలే దగ్గరుండి నేర్పే చోటు అది.

అక్కడ దానియేలుకు ఒక దర్శనం వచ్చింది. ఊలయి నది దగ్గర రెండు కొమ్ముల పొట్టేలు నిలబడి ఉంది. ఒక కొమ్ము రెండో దానికంటే పొడుగు, పైగా వెనక మొలిచింది అదే. ఇంతలో పడమటి నుంచి ఒక మేకపోతు కాళ్లు నేలకు ఆననంత వేగంగా వచ్చి, పొట్టేలును పొడిచి, దాని రెండు కొమ్ములూ విరగ్గొట్టింది. చూసిన దానియేలుకే ఏమీ అర్థం కాలేదు. గబ్రియేలు దూత వచ్చి చెప్పాడు: పొట్టేలు మాదీయుల, పారసీకుల రాజులు, మేకపోతు గ్రేకుల రాజు. 20, 21 వచనాలు వేలు పెట్టి చదవండి. మనం ఊహించేది ఏమీ లేదు, పేర్లు వాక్యంలోనే ఉన్నాయి.

ఇప్పుడు చరిత్ర పుస్తకం పక్కన పెట్టుకోండి. మొదట మాదీయులదే పైచేయి. వాళ్ల తర్వాత లేచిన పారసీకుడు కోరెషు క్రీ.పూ. 550లో వాళ్లను లోబరుచుకున్నాడు, 539లో బబులోనును పట్టుకున్నాడు. వెనక మొలిచిన కొమ్ము పొడుగెక్కింది. క్రీ.పూ. 334లో గ్రేకుల రాజు అలెగ్జాండర్ ఆసియాలో అడుగుపెట్టాడు. మూడేళ్లు తిరిగేసరికి గౌగమేల యుద్ధంలో పారసీక రాజు సైన్యం చెదిరిపోయింది. 323లో, నిండా 33 ఏళ్లు రాకముందే, అలెగ్జాండర్ బబులోనులోనే జ్వరంతో చనిపోయాడు. మేకపోతు మంచి బలంలో ఉన్నప్పుడే దాని పెద్ద కొమ్ము, అంటే ఈ రాజు, విరిగిందన్న మాట నాకు ఎన్నిసార్లు చదివినా ఒళ్లు జలదరిస్తుంది. ఏ శత్రువూ ఆ కొమ్మును విరవలేదు. ఆ రాజ్యాన్ని చివరికి కసాండర్, లిసిమాకస్, టాలెమీ, సెల్యూకస్ పంచుకున్నారు. సెల్యూకస్ వంశంలో పుట్టిన ఆంటియోకస్ ఎపిఫనెస్ క్రీ.పూ. 167లో యెరూషలేము ఆలయాన్ని అపవిత్రం చేసి నిత్యబలి ఆపించాడు. అధ్యాయం చివర్లోని చిన్న కొమ్ము అతనే.

ఇక ప్రతిమ దగ్గరికి వద్దాం. అక్కడ దానియేలు పేరు పెట్టి చెప్పింది తల గురించే: అది నెబుకద్నెజరు. మిగతావి మనం కూర్చుకోవాలి. వెండి మాదీయ పారసీకులు, ఇత్తడి గ్రేకులు, ఇనుము రోమా అని సంఘంలో పాతకాలం నుంచీ చెబుతున్నారు. మాదీయులనూ పారసీకులనూ విడదీసి, నాలుగోది గ్రేకుల రాజ్యమేననీ, ఈ గ్రంథం ఆంటియోకస్ కాలంలో రాసిందనీ చాలామంది పండితులు అంటారు. రేపు కాలేజీలో మీరిది వింటారు, బెదిరిపోకండి, కూర్చుని వినండి. నేను మాత్రం మొదటిదే నమ్ముతాను. ఎనిమిదో అధ్యాయంలో ఆ రెండు జనాలకూ కలిపి పొట్టేలు ఒక్కటేగా!

పాదాలకు వాక్యం ఏ పేరూ పెట్టలేదు. వాక్యం పెట్టని పేరు నేను పెట్టను, మీరూ పెట్టొద్దు. అమెరికాలో విలియం మిల్లర్ అనే బోధకుడు ఇదే ఎనిమిదో అధ్యాయంలోని 2,300 దినాలను సంవత్సరాలుగా లెక్కగట్టి, ప్రభువు రాకడ దగ్గర పడిందని ప్రకటించాడు. అతని అనుచరులు చివరికి 1844 అక్టోబరు 22 అని తేదీ కూడా ఖాయం చేసుకున్నారు. కొందరు చేలో పంట కోయకుండా వదిలేసి ఎదురుచూశారు. ఆ రోజు వచ్చింది, వెళ్లిపోయింది. వాళ్లు దేవుణ్ని ప్రేమించని వాళ్లు కారు, అందుకే నాకు అంత బాధ.

వచ్చే ఆదివారానికి తొమ్మిదో అధ్యాయం చదివి రండి. అందులో దానియేలే ప్రవచనం చదివేవాడు. యెరూషలేము 70 ఏళ్లు పాడుగా ఉంటుందని యిర్మీయా ప్రవక్త రాసిన మాట అతనికి కనబడింది. అప్పుడతను ఎవరికీ తేదీ చాటలేదు. గోనెపట్ట కట్టుకుని, ఉపవాసముండి, తన జనం పాపాలతో పాటు తన పాపాలు కూడా ఒప్పుకున్నాడు. ఆ ప్రార్థన 4వ వచనం నుంచి 19 దాకా ఉంది. ఒకరు పైకి చదవండి, మిగతావాళ్లు వినండి.

ప్రేమతో,
మీ తాతయ్య